బియ్యం వేగిన వాసన

మూడో వాయి బియ్యం కూడా మాడిపోయేసరికి రుయిలాన్‌కి ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఆ రోజు ఆమె ఒక్కగానొక్క కూతురు సూమెయ్ పెళ్లి. పదకొండింటికి పెళ్లికొడుకు వాళ్ల కార్లు వస్తాయి. పన్నెండింటికి భోజనాలు. రెండింటికి పిల్లను తీసుకుని వెళ్లిపోతారు. అప్పటికే ఎనిమిది కావస్తోంది. మేడమీద గదిలో పిల్లకి ముస్తాబు జరుగుతోంది. తల్లన్నది ఆ గదిలో ఉండాలి. ఈమె మాత్రం వంటింట్లో, పొగలో, చేతిలో గరిటెతో, మామగారి ఎదుట నిలబడి ఉంది.

"ఇంకా వాసన రాలేదు, వేయించు," అన్నాడు మామగారు.

"మాడిపోతోంది మావయ్యా."

"మాడేది నీ బుర్ర. బియ్యం వేగితే ఆ సంగతి వాసనే చెబుతుంది. చెప్పేదాకా గరిటె ఆపకు."

ఆయన పేరు తావ్ షోవెన్. డెబ్భై ఎనిమిదేళ్లు. హన్ నది ఒడ్డున థ్యెన్‌మెన్ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని 'ఆవిరి తావ్' అంటేనే గుర్తుపడతారు. ఆ ప్రాంతంలో పెళ్లి గానీ పుట్టినరోజు గానీ, బల్లమీద ఆవిరి కూరలు లేకపోతే అది విందే కాదు. బియ్యాన్ని దోరగా వేయించి, సన్నరవ్వలా విసిరి, కరిగించిన పందికొవ్వుతో కలిపి కూరగాయలకు పట్టించి, వెదురు బుట్టల్లో ఆవిరికి పెడతారు. చెబితే ఇంతే. కానీ చేమదుంప వెన్నలా ఉడకాలి, విరిగిపోకూడదు. ముల్లంగి తురుము పొడిపొడిగా విడిపోవాలి. చామంతి ఆకుకూర బుట్టలోంచి తీశాక కూడా తోటలో ఉన్నంత పచ్చగా ఉండాలి. యాభై ఏళ్లపాటు ఎన్నో పెళ్లిళ్లలో షోవెన్ ఆ మూడూ చేసిపెట్టాడు.

ఇప్పటి పెళ్లిళ్లకి వంటబృందాలు వచ్చేశాయి. పొయ్యిలూ, బల్లలూ, గిన్నెలూ అన్నీ వాళ్లే లారీలో తెచ్చుకుంటారు. ఈ పెళ్లికీ ఒక బృందం వచ్చి పెరట్లో టార్పాలిన్ పందిరి వేసింది. పది బల్లలు, పన్నెండు రకాలు. ఆవిరి కూరలు కూడా వాళ్లే చేస్తామన్నారు. పొడి పొట్లాల్లో దొరుకుతుందనీ, ఎవరికీ తేడా తెలియదనీ బృందం పెద్ద కెన్‌షెంగ్ చెప్పాడు. ఆ మాటతో ముసలాయన లేచి నిలబడ్డాడు. "నా మనవరాలి పెళ్లిలో పొట్లం పొడి వేస్తే నేను బల్ల దగ్గర కూర్చోను," అన్నాడు. దాంతో ఆ మూడు కూరలూ ఇంట్లోనే చెయ్యాలని తేలింది. ఇంట్లో అంటే రుయిలాన్ చెయ్యాలి, ఆయన పక్కన కూర్చుని తిట్టాలి.

నిన్న సాయంత్రం మొదటి వాయి మాడింది. తప్పు తనదే అనుకుంది. తెల్లవారగానే రెండోది పెడితే అదీ మాడింది. ఇప్పుడు మూడోది. ఈ ఇంట్లో ఇరవైమూడేళ్లుగా బియ్యం వేయిస్తోంది, ఎన్నడూ ఇలా జరగలేదు. మంట తగ్గిస్తే ఆయన పెంచమంటాడు. దించబోతే చెయ్యి పట్టుకుంటాడు.

రుయిలాన్ భర్త మింగ్‌గుయి అక్క పెయ్‌ఫెన్ గుమ్మంలోంచి తొంగిచూసి ముక్కు మూసుకుంది. "ఇల్లంతా కాలుతున్నట్టుందే! ఇన్నేళ్లు నాన్న పక్కన నిలబడ్డావు, గుప్పెడు బియ్యం వేయించడం రాలేదా రుయిలాన్?"

"వచ్చు వదినా. మావయ్య దించనిస్తేగా."

"మళ్లీ ఆయన మీదకి తోస్తావేం?" అని పెయ్‌ఫెన్ వెళ్లిపోయింది. ముసలాయన ఒక్కమాట అడ్డం వెయ్యలేదు.

రుయిలాన్ మాడిన బియ్యాన్ని బకెట్‌లో కుమ్మరించి, చేమదుంపల కోసం నీళ్లు పొయ్యిమీద పెట్టి, విసవిసా పెరట్లోకి వెళ్లింది. భర్త మింగ్‌గుయి పందిరికింద కుర్చీలో కూర్చుని కెన్‌షెంగ్‌కి టీ పోస్తున్నాడు.

"మీ నాన్నని కాసేపు బయటికి పిలు. పది నిమిషాలు చాలు. ఒక వాయి నా చేత్తో నేను వేయించుకుంటాను."

"ఈ ఒక్కరోజు ఆయన చెప్పినట్టు చేసెయ్యరాదూ?"

"చెప్పినట్టే చేశాను. మూడుసార్లు చేశాను. బకెట్ చూసిరా."

"అబ్బా, నలుగురిలో ఇప్పుడా రుయిలాన్!" అని మింగ్‌గుయి కెన్‌షెంగ్ వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడగానే ఆమెకి టీ కెటిల్ ఎత్తి కుమ్మరించాలనిపించింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

వంటింటి గుమ్మం దాటుతూనే ఆగిపోయింది. కుళ్లిన వెల్లుల్లి లాంటి కంపు. పొయ్యిమీద నీళ్లు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ సుయ్యిమని వదులుతూనే ఉంది. ఆ పొయ్యికి మూరెడు దూరంలో, పొట్టి పీటమీద ముసలాయన నింపాదిగా కూర్చుని ఉన్నాడు. నోట్లో సిగరెట్, చేతిలో లైటర్, బొటనవేలు దాని చక్రం మీద.

ఆమె అరవలేదు. అరిచే వ్యవధి కూడా లేదు. ఒక్క అంగలో వెళ్లి ఆయన చేతిమీద కొట్టింది. లైటర్ ఎగిరి చేమదుంపల గంపలో పడింది. సిలిండర్ కట్టేసి, కిటికీలు రెండూ బార్లా తీసి, ఆయన చొక్కా పట్టుకుని గుమ్మం బయటికి లాగింది.

"పిచ్చెక్కిందా? మామని కొడతావా?" ముసలాయన మొహం ఎర్రబడింది.

"గ్యాస్ మావయ్యా! ఇల్లంతా గ్యాస్!"

"ఏ గ్యాస్?"

ఆయన నిజంగానే అడిగాడు. ఆ మొహంలో నటన లేదు. ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూశాడు. మూడు వాయిల బియ్యం ఎందుకు మాడిందో ఆ నిమిషంలో రుయిలాన్‌కి అర్థమైంది.

"మీకు వాసన తెలియట్లేదు."

"ఎవరన్నారు? జలుబు చేసింది, అంతే."

"ఎప్పట్నుంచి?"

నోట్లోని సిగరెట్ తీసి చెవిమీద పెట్టుకున్నాడు. గోడకి ఆనుకుని, "పోయిన చలికాలం జ్వరం వచ్చిందే, అప్పట్నుంచి," అన్నాడు. "ముందు వాసన పోయింది. తర్వాత రుచీ పోయింది. ఏది తిన్నా దూది నమిలినట్టే ఉంటుంది."

"ఏడాది నుంచా? ఎవరికీ చెప్పకుండానా?"

"ఏమని చెప్పను? ఆవిరి తావ్‌కి వేగిన బియ్యం వాసన తెలియదని ఊళ్లో టముకు వేయించనా?"

"మరి నన్నెందుకు తిట్టారు? నిన్నట్నుంచి గాడిదనీ, బుర్ర లేనిదాననీ..."

"మాడిందని నాకెలా తెలుస్తుంది? నా కళ్లకి అన్నీ గోధుమరంగులోనే ఉంటాయి." ఆయన గొంతు తగ్గింది. "ఇంకొంచెం వేగితే నాకు కూడా వస్తుందేమో అనుకున్నాను అమ్మాయ్. పిల్ల పెళ్లి కదా, ఒక్కసారన్నా వస్తుందేమోనని."

ఆ మాటకి రుయిలాన్ గుండె కలుక్కుమంది. కానీ కోపం ఎక్కడికీ పోలేదు. ఏడాదిపాటు దాచిపెట్టి, సరిగ్గా ఈ రోజు, ఈ గంటకే బయటపడాలా? గడియారం చూసింది. ఎనిమిదిన్నర. మాడిన దాని బదులు మళ్లీ మొదట్నుంచి వేయించాలి, విసరాలి, తురమాలి, కలపాలి.

"ఈ ఒక్కరోజు ఎవరితోనూ అనకు," అన్నాడు ఆయన. "వియ్యాలవారంతా జాలిగా చూస్తుంటే నేను అక్కడ కూర్చోలేను."

"అనను. కానీ మీరిక పొయ్యి దగ్గరికి రాకూడదు. అదిగో తురుముపీట, అవిగో ముల్లంగులు. తురమండి."

జీవితంలో మొదటిసారి ఆయన ఎదురు చెప్పకుండా వెళ్లి కూర్చున్నాడు.

గ్యాస్ కంపు పూర్తిగా పోయాక ఆమె నాలుగో వాయి మూకుట్లో పోసింది. అనాసపువ్వు, దాల్చినచెక్క ముక్క వేసి చిన్నమంట మీద కలపసాగింది. వెనకనుంచి ముల్లంగి తురుముతున్న చప్పుడు ఆగింది.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు ముసలాయన.

"పచ్చివాసన పోయింది."

"తర్వాత మరమరాల వాసన వస్తుంది. దించకు. దాని వెనకే ఇంకోటి వస్తుంది, ఎండలో ఆరేసిన వరిగడ్డి వాసన. అది రాగానే మూకుడు దించెయ్. పది అంకెలు లెక్కపెట్టేలోపు మాడుతుంది."

ఆమె ముక్కు ముందుకి పెట్టి నిలబడింది. మరమరాలు వచ్చాయి. కాసేపటికి, నిజమే, వరిగడ్డి. మూకుడు దించి పళ్లెంలో పరిచేసింది. బియ్యం లేతబంగారు రంగులో చిటపటలాడింది.

"ఇరవైమూడేళ్లలో ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదే మీరు?"

"నువ్వు అడగలేదుగా."

"అడిగితే తిట్టారు!"

"అది వేరే సంగతి," అని ఆయన మళ్లీ తురమసాగాడు.

తొమ్మిదిన్నరకి పెయ్‌ఫెన్ మళ్లీ వచ్చింది. తండ్రి పీటమీద కూర్చుని ముల్లంగి తురమడం చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది. "ఇదేంటి? నాన్న చేత ఈ పని చేయిస్తున్నావా?"

ముసలాయన తల ఎత్తి కోడలి వైపు చూశాడు. ఆ చూపు పడి రుయిలాన్ పళ్లు కొరుక్కుంది. "అవును వదినా. పొయ్యి దగ్గర నాకు అడ్డమని నేనే కూర్చోబెట్టాను. తిట్టాలంటే తిట్టు."

పెయ్‌ఫెన్ తిట్టింది. సందు చివరిదాకా వినపడేట్టు తిట్టింది. తిట్టడం అయ్యాక, "అసలు పైన పిల్ల నీకోసం చూస్తోంది. కొప్పు వెయ్యడానికి అమ్మని రమ్మను అంటోంది. వెళ్తావా లేదా?" అంది.

రుయిలాన్ చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, గుమ్మందాకా వెళ్లింది. వెనక్కి తిరిగి చూసింది. పొయ్యిమీద రెండు మంటలు భగ్గుమంటున్నాయి. మూకుట్లో పందికొవ్వు కరుగుతోంది. వాటి పక్కన, ఇల్లంతా గ్యాస్ నిండినా తెలియని మనిషి ఒక్కడూ ఉన్నాడు.

"నువ్వు కాసేపు ఇక్కడ కూర్చుంటావా వదినా?"

"నేనా? ఈ బట్టలతోనా? మేళం వాళ్లు వచ్చేశారు, వాళ్లకి టిఫిను పెట్టాలి." పెయ్‌ఫెన్ వెళ్లిపోయింది. మింగ్‌గుయికి ఫోను చేస్తే ఎత్తలేదు. కార్లు నిలపడానికి దారి చూపించేందుకు రోడ్డుమీదకి వెళ్లాడని తర్వాత తెలిసింది.

"వెళ్లు, నేను చూసుకుంటాను," అన్నాడు ముసలాయన.

"మీరు చూసుకున్నారు. ఇందాకే చూశాను," అని ఆమె మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది. పైన పిల్ల కొప్పు ఎవరో ముస్తాబు చేసే అమ్మాయి వేసేసింది.

చేమదుంపలకి పొడి పట్టించి బుట్టల్లో పెట్టింది. ముల్లంగి తురుముని ఉప్పేసి నీరు పిండేసి, పొడీ మిరియాలూ చల్లి వాటి పైన పెట్టింది. ఇక మిగిలింది చామంతి ఆకు. దాని పని వేరు. ముందు కొవ్వుపట్టించి, ఆ తర్వాతే ఉప్పూ పొడీ కలిపి, వడ్డించే ముందు ఐదు నిమిషాలు ఉధృతమైన ఆవిరిమీద పెట్టాలి. ఆవిరి కాస్త తగ్గినా ఆకు పసుపుబారి వేలాడిపోతుంది. అందుకే పెరట్లో పెద్ద పొయ్యిని తనకోసం వదలమని కెన్‌షెంగ్‌కి ముందురోజే చెప్పి ఉంచింది.

అరగంట ఆలస్యంగా, పదకొండున్నరకి టపాకాయల మోత మధ్య కార్లు వచ్చాయి. అల్లుడు ఎర్రపూలతో దిగాడు. రుయిలాన్ వంటింటి కిటికీలోంచి అతని తల వెనకభాగం మాత్రం చూసింది. ఆకుకూర బుట్టలు ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తితే, పెద్ద పొయ్యిమీద చేపలు ఉన్నాయి.

"ఇదేంటి కెన్‌షెంగ్? ఇది నాకు వదలమన్నానా లేదా?"

"ఒక్క పది నిమిషాలు అక్కా. మీ బుట్టలు చేపల పైన పెట్టెయ్యండి, ఆవిరి పైకి వస్తుందిగా!"

"వస్తుంది, నీ చేపల నీళ్లు కూడా వస్తాయి!"

బల్లల దగ్గర జనం కూర్చునేశారు. వేరే దారిలేక నాలుగు బుట్టలు చేపల పైన పెట్టింది. ఐదు నిమిషాలకి మూత తీస్తే భయపడ్డట్టే అయింది. ఆకు ముదురు పసుపుగా మారి, ముద్దగా అంటుకుపోయి ఉంది. ఆమె మూత నేలకేసి కొట్టింది. కెన్‌షెంగ్ బృందం వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మిగిలిన ఆకుని వంటింటి చిన్న పొయ్యిమీదే, రెండేసి బల్లలకి సరిపడా కొంచెం కొంచెంగా పెడుతూ, ఒక్కో వాయికీ పక్కనే నిలబడి తీసింది. అవి పచ్చగానే వచ్చాయి. కానీ బల్లమీదకి వెళ్లేసరికి సగంమంది భోజనం చివరికి వచ్చేశారు. ఆ పసుపు బుట్టలు మాత్రం సరిగ్గా వియ్యాలవారి బల్లలకే వెళ్లాయి.

ఆఖరి బుట్ట తీసుకుని పందిట్లోకి అడుగుపెట్టేసరికి పెళ్లికొడుకు మేనమామ గ్లాసు ఎత్తి మాట్లాడుతున్నాడు. "ఆకు సంగతి అలా ఉంచండి. ఈ చేమదుంప ఉంది చూశారూ, నోట్లో వేసుకుంటే జారిపోతోంది! పెద్దాయన చెయ్యి ఏమాత్రం తగ్గలేదు!"

అందరూ ముసలాయన వైపు గ్లాసులు ఎత్తారు. ఆయన తల ఊపాడు. తనూ తాగాడు. చేమదుంప ముక్క చాప్‌స్టిక్స్‌తో తీసుకుని నెమ్మదిగా నమిలాడు. రుయిలాన్ బుట్టని బల్లమీద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"నాన్నా, కొత్త సంవత్సరం రెండోరోజు మేం వచ్చినప్పుడు ఇవి నువ్వే చెయ్యాలి!" అంది పెయ్‌ఫెన్ అవతలి బల్ల నుంచి. "చేద్దాంలే," అన్నాడు ముసలాయన.

చేద్దాంలే! ఎవరు చేస్తారట? రుయిలాన్ అక్కడ నిలబడలేకపోయింది. లోపలికి వెళ్లి, నిలబడే రెండు ముద్దలు నోట్లో వేసుకుంది.

రెండు కాకుండానే మేళం మొదలైంది. మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని పరుగెత్తుకు వచ్చేసరికి సూమెయ్ కారు దగ్గరికి వచ్చేసింది. ఎర్రబట్టల్లో, ఎత్తు కొప్పుతో, ఎవరో పరాయి పిల్లలా ఉంది. తల్లిని చూడగానే కళ్లు నిండాయి.

"పొద్దుట్నుంచి ఒక్కసారైనా పైకి రాలేదే అమ్మా. కొప్పు వేసుకుంటూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. నాకన్నా ఆ కూరలే ఎక్కువైపోయాయా నీకు?"

రుయిలాన్ ఏం చెప్పాలి? చెప్పనని మాట ఇచ్చింది. "పని ఉందమ్మా," అంది. ఆ మాట తనకే అన్యాయంగా వినపడింది. పెయ్‌ఫెన్ పక్కనుంచి, "పోనీలే తల్లీ, మీ అమ్మ సంగతి తెలిసిందేగా," అంది.

అప్పుడు ముసలాయన జనాన్ని తోసుకుంటూ ముందుకి వచ్చాడు.

"మీ అమ్మనేమీ అనకే," అన్నాడు పెద్దగా. "నేను పట్టి ఉంచాను. నా ముక్కు చచ్చిపోయింది. ఏడాదైంది. నాకు వాసన తెలియదు, రుచి తెలియదు. పొద్దున గ్యాస్ వదిలేస్తే తెలియక లైటర్ వెలిగించబోయాను. మీ అమ్మ రాకపోతే ఈ పాటికి ఇల్లు లేదు, నేనూ లేను. ఆ కూరలన్నీ ఆమె చేసినవే. నన్ను ఒంటరిగా వదలలేక పైకి రాలేదు."

మేళం ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా అందరూ ఆయన మీద పడ్డారు. "అయ్యో నాన్నా!" అని పెయ్‌ఫెన్ ఏడుపు అందుకుంది. మేనమామగారు తనకి తెలిసిన డాక్టరు పేరు చెబుతున్నాడు. ఎవరో మూలికల ఆవిరి పట్టమంటున్నారు. మింగ్‌గుయి బిత్తరపోయి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. కెన్‌షెంగ్ అల్లంముక్క తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టాడు. సూమెయ్ తల్లి చెయ్యి పట్టుకుని ఏదో అనబోతుంటే, ముహూర్తం దాటిపోతోందని పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు ఆమెని కార్లో ఎక్కించేశారు. తలుపు పడింది. టపాకాయలు పేలాయి. పొగ చెదిరేసరికి రోడ్డుమీద కార్లు లేవు.

రుయిలాన్ అలాగే నిలబడిపోయింది. తనకోసమే చెప్పాడు ముసలాయన. పరువు వదులుకుని చెప్పాడు. అదీ తెలుసు. కానీ కూతురితో గడపవలసిన ఆ రెండు నిమిషాలూ కూడా ఆయనే తీసేసుకున్నాడు. ఇక ఈ కోపాన్ని ఎవరి ముందు పెట్టుకోవాలి? ఆయన చుట్టూ ఇంకా జనం ఉన్నారు. అల్లంముక్క వాసన వస్తోందా లేదా అని వాదించుకుంటున్నారు.

జేబులో ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావు?" సూమెయ్ గొంతు గుసగుసగా ఉంది. "ఆకలేస్తోందే. పొద్దుట్నుంచి లిప్‌స్టిక్ పోతుందని ఎవరూ ఏమీ తిననివ్వలేదు. వెనకబడ్డ కార్లకోసం ఊరి చివర పెట్రోలు బంకులో ఆపారు, పావుగంట ఉంటాం. చేమదుంప ఏమైనా మిగిలిందా?"

రుయిలాన్ వంటింట్లోకి పరుగెత్తింది. స్టీలు డబ్బా నిండా చేమదుంప, ముల్లంగి సర్దింది. చివరి గుప్పెడు చామంతి ఆకుని ఐదు నిమిషాలు ఆవిరి పట్టి, పైన వేడి కొవ్వు పోసింది. పెళ్లిసామాన్ల కోసం నిలబెట్టిన బ్యాటరీ మూడుచక్రాల బండి ఎక్కింది. "ఎక్కడికి?" అని మింగ్‌గుయి అరుస్తున్నా వెనక్కి తిరగలేదు.

బంకు పక్కన అరుగుమీద ఎర్ర పట్టుబట్టల్లో కూర్చుని సూమెయ్ ఆవురావురుమంటూ తింది. తల్లి పక్కనే కూర్చుని ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. నాలుగు వాయిల బియ్యం గురించీ, లైటర్ గురించీ, పెయ్‌ఫెన్ తిట్ల గురించీ, చేపల పొయ్యి గురించీ, ఎత్తని ఫోను గురించీ. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అల్లుడు వచ్చి ఏమనాలో తెలియక ఒక నీళ్లసీసా పక్కన పెట్టి వెళ్లాడు.

"ఆకు బావుందమ్మా," అంది సూమెయ్ నోటినిండా పెట్టుకుని. "చేమదుంపలో ఉప్పు కాస్త తగ్గింది."

"తగ్గదూ మరి! రుచి చూడడానికి ఎవరున్నారే ఆ ఇంట్లో? నేనొక్కదాన్నే ఎన్నని చూడను?"

సూమెయ్‌కి నవ్వబోతే పొరపోయింది. తల్లి ఆమె వీపుమీద చరిచి నీళ్లు తాగించింది. కార్లోంచి హారన్ మోగింది. మరో రెండు ముక్కలు తిన్నాకే పిల్ల లేచింది.

ఖాళీ డబ్బా తీసుకుని రుయిలాన్ బండి వెనక్కి తిప్పింది. రేపు ముసలాయన్ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెయ్‌ఫెన్ కూడా రావలసిందే, ఆ మాట ఈ పూటే చెప్పేస్తుంది. కొత్త సంవత్సరం విందుకి ఆవిరి కూరలు కావాలంటే ఆవిడే వచ్చి ముల్లంగి తురుముకోవాలి, అది కూడా చెప్పేస్తుంది. మింగ్‌గుయికి చెప్పవలసినవి వేరే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పైకి అనుకుంటూ, ఎదురుగాలిలో బండి నడుపుకుంటూ, కడగవలసిన గిన్నెల దగ్గరికి వెళ్లింది.